మావయ్య కుడి చెయ్యి

మా మావయ్య కుడి చెయ్యి వణకడం మొదలైన ఏడాదే నేనూ నా స్నేహితురాలూ కలిసి బొంగరం గేము మొదలుపెట్టాం. ఆ రెండింటికీ ఏ సంబంధమూ ఉండనక్కర్లేదు. కలిపింది నేనే.

మావయ్య అంటే మా అమ్మకు పెద్దన్న. నరసాపురానికీ మొగల్తూరుకీ మధ్య ఒక ఊళ్ళో, కాలువ లాకుల దగ్గర లస్కరుగా చేసి రిటైరయ్యాడు. లాకు తలుపులు ఎత్తడం, దించడం, గట్టు తెగకుండా కనిపెట్టుకుని ఉండడం, ఏ బోదెకాలువకు ఎంత నీరు వదలమంటే అంత వదలడం ఆయన పని. తలుపు ఎత్తే ఇనప చక్రం తిప్పడానికి మామూలుగా ఇద్దరు కావాలి. మావయ్య ఒక్కడే తిప్పేవాడు. రెండో పంట దాళ్వాకు నీళ్ళు చాలని రోజుల్లో కాలువ చివరనున్న శివారు ఊళ్ళ రైతులు కర్రలు పట్టుకుని లాకుల మీదకు వచ్చేవారు. మావయ్య గట్టు మీద నిలబడి, "మీ వంతు రేపు పొద్దున్నండి. పొద్దున్న నీళ్ళు రాకపోతే అప్పుడు కొట్టండి నన్ను" అనేవాడు. మర్నాడు పొద్దున్నే నీళ్ళు వెళ్ళేవి. ఆయన్ని ఎవరూ ఎప్పుడూ కొట్టలేదు.

అంత మనిషికీ ఒక పిచ్చి ఉండేది, బొంగరాలు. వేసవిలో కాలువలు కట్టేశాక లాకుల దగ్గర పనుండేది కాదు. నీళ్ళు పోయి, అడుగున మట్టి ఎండి గట్టిపడేది. సెలవులకు వెళ్ళిన పిల్లలమంతా ఆ ఎండిన కాలువలోకి దిగేవాళ్ళం. మావయ్య కూడా పంచె ఎగ్గట్టి దిగేవాడు. తుమ్మకర్ర బొంగరం, ముందు ములుకు. ఆ ములుకుని లాకు రాతి మీద నూరి సూదిలా చేసేవాడు. గిరి గీసి, మధ్యలో మా బొంగరాలు పెట్టించి, తాడు చుట్టి ఒక్క విసురు విసిరితే ఎవడిదో ఒకడిది రెండు చెక్కలయ్యేది. ఏడ్చినవాడికి మర్నాడు కొత్త బొంగరం ఇచ్చేవాడు. విసిరిన బొంగరాన్ని నేల తగలకుండా గాలిలోనే తాడుతో వెనక్కి లాగి అరచేతిలో దింపుకునేవాడు. అది ఆయన చేతిలో ఎంత నిలకడగా తిరిగేదంటే, తిరుగుతున్నట్టే తెలిసేది కాదు. "ష్, నిద్రపోతోంది. లేపకండి" అనేవాడు.

ఆడపిల్లలకు బొంగరం ఎందుకని మా అమ్మ కసిరితే, "దానికి చెయ్యి తిరిగింది చెల్లెమ్మా, నువ్వూరుకో" అన్నది కూడా మావయ్యే. నాకు తాడు చుట్టడం నేర్పింది ఆయనే.

నేను ఇంజనీరింగు చదివినా, నాకు అబ్బింది బొమ్మలు గీయడమే. హైదరాబాదులో కొన్నేళ్ళు యాప్‌లకు బొమ్మలు గీసి, ఇంటి నుంచి పని చేసుకోవచ్చన్న రోజుల్లో రాజమండ్రి వచ్చేసి, మళ్ళీ వెనక్కి వెళ్ళలేదు. నా కాలేజీ స్నేహితురాలు అప్పటికే అక్కడుంది. వాళ్ళది లూథరన్ క్రైస్తవ కుటుంబం. వాళ్ళమ్మగారు స్కూల్లో టీచరుగా చేసి మానేశారు. వాళ్ళ మేడ మీద గదిలో మేమిద్దరం పని చేసుకునేవాళ్ళం. ప్రోగ్రాము రాయడం తనది, బొమ్మలు నావి. ఆదివారం తను గుడి నుంచి వచ్చేదాకా నేను వాళ్ళమ్మగారితో కబుర్లు చెబుతూ చిక్కుళ్ళు ఒలిచేదాన్ని.

మా చిన్నప్పుడు టీవీకి తగిలించుకుని ఆడే క్యాసెట్ గేములుండేవి కదా, చుక్కలు చుక్కలుగా కనబడే బొమ్మలు, పీపీమనే పాటలు. అలాంటిది ఒకటి చేయాలని మా ఇద్దరికీ కోరిక. అందులో కత్తి, తుపాకీ ఉండకూడదంది తను. "మరి దేంతో కొట్టాలే?" అని తనే అడిగితే, ఆలోచించకుండానే నా నోట బొంగరం అని వచ్చింది.

అంతే, ఆ రోజంతా మేం ఇంకో మాట మాట్లాడుకోలేదు. ఒక అమ్మాయి, ఆమె చేతిలో బొంగరం. విసిరితే పీతల్నీ, తేళ్ళనీ పడగొడుతుంది. గాలిలో వెనక్కి లాగితే దూరంగా ఉన్న వస్తువుల్ని తాడుతో పట్టుకొస్తుంది. నిద్రపోయే బొంగరం మీద నిలబడి నీటి మీద దాటిపోవచ్చు. లాకు చక్రానికి బొంగరం తగిలిస్తే చక్రం తిరిగి తలుపు లేస్తుంది. ఊళ్ళకు నీళ్ళు రావడం లేదు. ఎవరో పైనున్న లాకులన్నీ మూసేశారు. అమ్మాయి ఒక్కొక్క లాకూ తెరుచుకుంటూ, ఏటి మధ్య లంకలు దాటుకుంటూ, సముద్రం కోసుకుపోతున్న ఒడ్డు మీదుగా నడిచి, ఆఖరికి ఆ మూసేసినవాడి దగ్గరకు చేరాలి. ఆ మూసేసినవాడికి మేం పెట్టుకున్న పేరు లాకుల తాత.

ఆ తాత ఆలోచన నా స్నేహితురాలిది. మా మావయ్య లస్కరని తనకు తెలుసు గానీ ఆయన్ని తను చూడలేదు. నాకు ఆ మాట వినగానే ఎక్కడో కాస్త గుచ్చుకుంది. "తాత కాకుండా దెయ్యమో ఏదో పెడదామా?" అన్నాను. "మనిషైతేనే బాగుంటుందే" అంది. నేను సరేనన్నాను. అప్పటికి అతనికి మొహం కూడా లేదు, నల్లటి గొంగళి కప్పుకున్న ఒక ఆకారం మాత్రమే.

బొంగరం విసరడం గీయాలంటే విసిరే చెయ్యి చూడాలి. ఫోను తీసుకుని మావయ్య ఊరు వెళ్ళాను. చెయ్యి వణుకుతోందని అప్పటికి అమ్మ ద్వారా విన్నాను. నరాల డాక్టరు మందులిచ్చారని, తగ్గేది కాదు గానీ పెరగకుండా చూడొచ్చన్నారని తెలుసు. అయినా ఫోన్లో అడిగితే మావయ్య, "రా అమ్మడూ, ఎందుకు వెయ్యలేను? రా" అన్నాడు.

నేను వెళ్ళేసరికి అరుగు మీద ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చుని ఉన్నాడు. గడ్డం గీసుకున్నాడు. అత్తయ్య నవ్వుతూ చెప్పింది, "వారం రోజుల్నించీ ఇదే పని మీ మావయ్యకి. పొద్దున్న మాత్ర పడ్డాక గంటసేపు బాగుంటుందట, ఆ గంటలో ప్రాక్టీసు."

"నువ్వు లోపలికెళ్ళు" అన్నాడు మావయ్య, సిగ్గుపడుతూ.

ఆ గంటలో ఆయన అద్భుతంగా వేశాడు. నేను ముందు నుంచి, పక్క నుంచి, అరుగు కింద కూర్చుని కింది నుంచి తీశాను. తాడు చుట్టడం, భుజం వెనక్కి తీయడం, మణికట్టు ఒక్కసారి విరవడం. గాలిలో లాగి అరచేతిలో దింపడం కూడా రెండుసార్లు కుదిరింది. రెండోసారి కుదిరినప్పుడు నా వైపు చూసి కనుబొమలు ఎగరేశాడు. చిన్నప్పటి మావయ్యే.

ఇంకొక్కటి, ఒకే ఒక్కటి అన్నాను నేను. నాకు కావలసినవన్నీ అప్పటికే వచ్చేశాయి. ఇంకొక్కటి అవసరం లేదు.

ఆ ఒక్కదానికి చెయ్యి మాట వినలేదు. తాడు కొస వేళ్ళ మధ్య నిలవలేదు. మళ్ళీ చుట్టబోయాడు, బొంగరం జారి అరుగు మీద దొర్లిపోయింది. కుడి చెయ్యి దానికదే కొట్టుకోవడం మొదలుపెట్టింది. అప్పుడాయన ఎడమ చేత్తో కుడి మణికట్టును గభాలున పట్టుకున్నాడు, గాలం నుంచి ఊడిపోతున్న చేపను పట్టుకున్నట్టు. పట్టుకుని, అలాగే కదలకుండా, దాని వైపే చూస్తూ ఉండిపోయాడు. ఆ మొహం కోపంగానూ లేదు, ఏడుపుగానూ లేదు. తనది కాని వస్తువేదో తన ఒళ్ళో ఉన్నట్టు చూశాడు.

కాసేపటికి తలెత్తి నా చేతిలో ఫోను చూశాడు.

"అది కూడా పడిందా?"

"పడింది మావయ్యా."

"అది తీసెయ్ అమ్మడూ. మిగతావి వాడుకో. అదొక్కటీ వద్దు."

"సరే మావయ్యా, తీసేస్తాను."

ఆ క్షణంలో నేను నిజంగానే తీసేద్దామనుకున్నాను. బస్సులో ఫోను తీసి, ఆ వీడియో మీద వేలు పెట్టి, ముందు ఒకసారి చూద్దామనుకున్నాను. చూశాను. మళ్ళీ చూశాను. రావులపాలెం దాటేసరికి ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. బొమ్మలు గీసేవాళ్ళకు ఒక దరిద్రపు అలవాటుంటుంది. ఎవరైనా పడిపోతే పట్టుకోవడానికి చెయ్యి చాచే ముందు, ఎలా పడ్డారో కన్ను చూసి పెట్టుకుంటుంది. ఆ వీడియో నేను చెరపలేదు.

అమ్మాయి బొంగరం విసిరే బొమ్మలు మావయ్య చేతిని చూసే గీశాను. అవి బాగా కుదిరాయి. మిగతా గేమంతా ఏడాదిన్నరలో ఒక రూపానికొచ్చింది. లాకుల తాత దగ్గరే ఆగిపోయాం. అతను కూడా బొంగరంతోనే పోరాడతాడు. ఎన్నిసార్లు గీసినా అతను చెక్కబొమ్మలాగే ఉండేవాడు. "ఓడిపోయేటప్పుడు వీడికేం అవుతుందో మనకి తెలియాలే. ఊరికే మాయమైపోతున్నాడు, జాలీ లేదు, భయమూ లేదు" అనేది తను.

ఒక మధ్యాహ్నం తను బ్యాంకు పని మీద వెళ్ళింది. గదిలో నేనొక్కదాన్నే ఉన్నాను. ఆ వీడియో తెరిచాను. ఒక్కొక్క ఫ్రేమూ ఆపుకుంటూ గీయడం మొదలుపెట్టాను. తాడు జారడం, బొంగరం దొర్లడం, చెయ్యి కొట్టుకోవడం, ఎడమ చెయ్యి వచ్చి మణికట్టును పట్టుకోవడం, తల వంచి దాన్ని చూడడం. మొత్తం పన్నెండు బొమ్మలు. చుక్కల బొమ్మల్లో మొహమంటే కళ్ళకు రెండు చుక్కలు, నోటికి ఒక గీత. ఎవరు పోల్చుకుంటారులే అనుకున్నాను. అంతకంటే నిజం చెప్పాలంటే, పన్నెండూ వరసగా కదిలించి చూసుకున్నప్పుడు నాకు తెలిసిపోయింది. నా జీవితంలో గీసినవాటిలో అదే మంచి బొమ్మ. మావయ్యకిచ్చిన మాట నాకు గుర్తుంది. గుర్తుండే గీశాను.

నా స్నేహితురాలు వచ్చి చూసి కుర్చీలో కూలబడింది.

"ఎక్కణ్ణించి వచ్చిందే నీకిది? ఎవర్నైనా చూసి గీశావా?"

"లేదు, ఊహించి గీశాను."

"అమ్మో" అంది తను.

గేము విడుదల చేశాక మేం అనుకున్నదానికంటే ఎక్కువ మందే ఆడారు. పేరు తెలియని దేశాల వాళ్ళు కూడా బొంగరం అనే మాట ఎలా పలకాలని అడుగుతూ ఉత్తరాలు రాశారు. అందరూ మెచ్చుకున్నది అమ్మాయిని, లాకుల తాతను. తాత చెయ్యి వణకడం గురించి కొందరు బాధగా రాశారు. చాలామంది నవ్వుకుంటూ రాశారు. వాళ్ళది తప్పనను. గెలిచే ఊపులో ఉన్న మనిషికి ఎదుటివాడి చేతిలోంచి ఆయుధం జారిపోతే నవ్వే వస్తుంది.

భీమవరంలో ఒక ఇంజనీరింగు కాలేజీ వాళ్ళు విద్యార్థులకు గేము చూపించమని పిలిచారు. ఈ ఆటకు మూలమని మేం చెప్పుకున్న మావయ్యగారిని కూడా తీసుకురండి, స్టేజీ మీద నిజం బొంగరం వేయిస్తే పిల్లలు సంతోషిస్తారన్నారు. నేనెందుకు ఒప్పుకున్నానని ఇప్పటికీ అడుగుతుంటాను నన్ను నేను. మేం చూపించేది మొదటి లాకు ఆట మాత్రమే, ఆఖరిది కాదు. అది కాలేజీ వాళ్ళకు గట్టిగా చెప్పాను కూడా. మావయ్యకు గౌరవం దక్కుతుంది, నా మనసులో ఉన్నదేదో దాంతో సరిపోతుంది అనుకున్నాను కాబోలు.

మావయ్య ఆ రోజు తెల్ల పంచె, తెల్ల చొక్కా, భుజం మీద జరీ కండువాతో వచ్చాడు. చొక్కా జేబులో బొంగరం ఎత్తుగా కనబడుతోంది. హాలు బయట నాతో మెల్లగా అన్నాడు, "మాత్ర ఇప్పుడే వేసుకున్నాను. గంటలో పిలవమను."

ముందు వరసలో నా పక్కన కూర్చున్నాడు. నా స్నేహితురాలు స్టేజీ మీద గేము గురించి చెప్పింది. మొదటి లాకు ఆడి చూపించింది. తెర మీద అమ్మాయి భుజం వెనక్కి తీసి మణికట్టు విరిచి విసరగానే మావయ్య నా మోచేతిని పొడిచాడు. "అది నేనే కదే?" అన్నాడు. "నువ్వే మావయ్యా" అన్నాను. చిన్నపిల్లాడిలా నవ్వాడు.

ఆ తర్వాత ఒక కుర్రాడు స్టేజీ ఎక్కాడు. తను గేమంతా పూర్తి చేశానని, ఆఖరి ఆట అందరికీ ఆడి చూపిస్తానని అన్నాడు. హాలంతా ఈలలు. నా స్నేహితురాలికి కాదనడానికి కారణం లేదు కదా, సంతోషంగా పక్కకు జరిగి కుర్చీ ఇచ్చింది. నేను లేచి ఆపొచ్చు. కరెంటు తీగ కాలికి తగిలి ఊడినట్టు నటించొచ్చు. తల తిరుగుతోందని మావయ్యను బయటికి తీసుకుపోవచ్చు. ఇవన్నీ తర్వాత తోచాయి. అప్పుడు మాత్రం కుర్చీలో బిగుసుకుపోయాను.

కుర్రాడు బాగానే ఆడాడు. తాత ఓడిపోయే ఘట్టం వచ్చింది. తాడు జారింది. బొంగరం దొర్లింది. చెయ్యి కొట్టుకోవడం మొదలైంది. అంత పెద్ద తెర మీద నేను గీసినదాన్ని నేనూ ఎప్పుడూ చూడలేదు. వెనక వరసల్లోంచి ఎవడో "వణుకు తాత!" అని అరిచాడు. నవ్వులు. ఒక వరస మొత్తం చేతులు పైకెత్తి వణికించడం మొదలుపెట్టారు.

నేను పక్కకు తిరిగి చూశాను. కండువా కింద మావయ్య కుడి చెయ్యి వణుకుతోంది. ఎడమ చెయ్యి దాని మణికట్టును పట్టుకుని ఉంది. తెర మీద తాత కూడా సరిగ్గా అలాగే పట్టుకున్నాడు. మావయ్య తెర వైపు చూశాడు. కిందికి తన చేతుల వైపు చూసుకున్నాడు. మళ్ళీ తెర వైపు చూశాడు. ఆ తర్వాత పట్టు వదిలేశాడు. వదిలేసి, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, కుడి చేతిని దాని మానాన దాన్ని వణకనిస్తూ కూర్చున్నాడు.

నన్ను చూడలేదు.

కాసేపటికి పేరు పిలిచారు. చప్పట్ల మధ్య స్టేజీ ఎక్కాడు. ఎవరో మైకు అందించారు, ఎడమ చేత్తో అందుకున్నాడు.

"నమస్కారమండి. బొంగరం తీసుకురావడం మర్చిపోయానండి. పెద్దవాణ్ణయిపోయాను, ఏమీ అనుకోకండి" అన్నాడు.

జేబులో అది ఎత్తుగా కనబడుతూనే ఉంది. ముందు వరసలో వాళ్ళందరికీ కనబడింది. ఎవరూ ఏమీ అనలేదు. శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి కిందికి దింపారు.

వాళ్ళు కారు పెడతామన్నా మావయ్య బస్సులోనే వెళ్తానన్నాడు. నేనూ ఎక్కాను. ఎండ తగ్గింది. రోడ్డుకు రెండు పక్కలా చేపల చెరువులు, వాటి మీద గిరగిరా తిరుగుతూ నీళ్ళు చిమ్మే గాలి చక్రాలు. మావయ్య కిటికీ పక్కన కూర్చున్నాడు. సగం దూరం వెళ్ళాక నేనే పిలిచాను.

"మావయ్యా..."

"ఆ తాత లాకులెందుకు మూసేశాడు?" అని అడిగాడు, బయటికే చూస్తూ.

"అది... కథ కోసం. ఊరికే."

"శివారు ఊళ్ళకి నేనెప్పుడూ నీళ్ళాపలేదమ్మడూ. ఒక్క పూట కూడా."

"తెలుసు మావయ్యా. అది నువ్వు కాదు."

ఆయన తల తిప్పి నన్ను చూశాడు. నా మాటలోని అబద్ధం మా ఇద్దరి మధ్యా సీటు మీద కూర్చున్నట్టుంది. ఆయన దాన్ని కాదనలేదు. "సర్లే" అన్నాడు. ఊరు రాగానే, "నువ్వు దిగకు, ఇదే బస్సు నరసాపురం వెళ్తుంది, అక్కణ్ణించి నీకు రాజమండ్రికి దొరుకుతుంది. పొద్దుపోకముందే వెళ్ళిపో" అని చెప్పి, కండక్టరుతో "మా మేనకోడలండి, కాస్త చూసి దింపండి" అని అప్పగించి దిగాడు. నేను దిగలేదు. దిగమనలేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను.

నెల తర్వాత అత్తయ్య ఫోను చేసింది.

"మీ మావయ్య ఏంటో అదోలా ఉంటున్నాడే. ఆదివారాలు గట్టు మీద పిల్లలకి బొంగరం నేర్పేవాడు కదా, మానేశాడు. మొన్న పక్కింటి పెళ్ళికెళ్ళి భోజనం చెయ్యకుండానే వచ్చేశాడు. నలుగుర్లో తినలేనంటాడు. ఎన్నాళ్ళనించో వణుకుతూనే ఉంది కదా, ఇప్పుడు కొత్తగా సిగ్గేంటి? ఆ కాలేజీలో ఎవరైనా ఏమైనా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదు అత్తయ్యా" అన్నాను. ఆ మాట నిజం కావడమే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు. అనాల్సిందంతా నేనే బొమ్మ గీసి చెప్పాను.

ఆ ఆదివారం నా స్నేహితురాలు గుడి నుంచి రాగానే జరిగిందంతా చెప్పేశాను. వాళ్ళమ్మగారు వంటింట్లో ఉన్నారు. తను మెట్ల మీద నిలబడి, చేతిలో బైబిలు అలాగే పట్టుకుని వింది.

"ఊహించి గీశానన్నావు కదే నాతో."

"అబద్ధం చెప్పాను."

"మా నాన్నకి పోయేముందు మూతి వంకరపోయింది. నీకు తెలుసు, నువ్వు చూశావు. ఆ మూతి తెచ్చి నువ్వు గేములో పెడితే..." బైబిలు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. "ఆ కుర్రాడికి కుర్చీ ఇచ్చింది నేనే. నా చేత్తో ఇచ్చాను. నన్ను కూడా కలిపావు ఇందులో."

వారం రోజులు మేం మాట్లాడుకోలేదు. ఆ తర్వాత తనే పిలిచి, ఆ పన్నెండు బొమ్మలు తీసేసి గేముకు కొత్త రూపు విడుదల చేసింది. ఇప్పుడు తాత ఓడిపోతే గొంగళి కిందపడి, దాంట్లోంచి కొంగలు ఎగిరిపోతాయి. ఆడేవాళ్ళు ఊరుకోలేదు. ఆట చప్పబడిపోయిందని, పాతదే పెట్టమని రాశారు. ఎవరో పాత ఘట్టాన్ని వీడియో తీసి ఎప్పుడో పెట్టేశారు. అది ఇంకా తిరుగుతూనే ఉంది. దాన్ని తీయించడం మా వల్ల కాలేదు. నా స్నేహితురాలు నాతో పని మానలేదు. కానీ నేను ఏ మనిషి బొమ్మ గీసి చూపించినా, బాగుందో లేదో చెప్పే ముందు, "ఎవరిది?" అని అడుగుతుంది.

తీసేశామన్న సంగతి చెప్పడానికి మావయ్య దగ్గరకు వెళ్ళాను. అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నాడు. తువ్వాలు కుడి చేతి మీద కప్పుకుని ఉన్నాడు. నేను కింద కూర్చున్నాను.

"మావయ్యా, అది తీసేశాం గేములోంచి. ఇంక ఎవరికీ కనబడదు." అదీ పూర్తి నిజం కాదు, అయినా అన్నాను.

"ఎందుకు తీశావు? బాగానే గీశావు కదా."

నేను తలెత్తలేకపోయాను.

"నిజంగానే అంటున్నాను. అచ్చం అలాగే ఉంటుంది. నేనెప్పుడూ చూసుకోలేదు, బయటినించి ఎలా ఉంటుందో. అలా ఉంటుందని ఆ రోజు తెలిసింది." తువ్వాలు సరిచేసుకున్నాడు. "పిల్లలు నవ్వారు, నవ్వుతారు. మేం కుర్రాళ్ళప్పుడు మా లాకుల్లో కుంటాయన్ని వెక్కిరించలేదూ? నాకు దాని గురించి కాదమ్మడూ."

"మరి?"

"వద్దన్నాను. సరేనన్నావు. అదీ."

కోపంగా అనలేదు. లాకు దగ్గర ఏ వంతు ఎవరిదో చెప్పినట్టు చెప్పాడు. నన్ను క్షమించు మావయ్యా అన్నాను. "క్షమించడానికేముంది, మన పిల్లవి కాదేంటి" అన్నాడు. ఆ మాటతో నాకు ఊరట కలగాలి. కలగలేదు. ఆయన క్షమించాడనే నా నమ్మకం. కానీ క్షమించడం వేరు, మళ్ళీ నమ్మడం వేరు. మొదటిది ఆయన చేతిలో ఉంది, ఇచ్చేశాడు. రెండోది ఎవరి చేతిలోనూ ఉండదనుకుంటాను.

ఇప్పటికీ మావయ్య రాజమండ్రిలో డాక్టరు దగ్గరకు వచ్చినప్పుడల్లా మా ఇంటికే వస్తాడు. నా పని గురించి అడుగుతాడు. పంటల గురించి, కాలువల గురించి చెబుతాడు. కుడి చెయ్యి మాత్రం కండువా కిందే ఉంటుంది. అత్తయ్య ముందు, అమ్మ ముందు బయటికి తీస్తాడు. నేను గదిలోకి రాగానే లోపలికి పోతుంది. కాఫీ ఇస్తే, "అక్కడ పెట్టమ్మడూ, చల్లారనీ" అంటాడు. నేనక్కడ ఉన్నంతసేపూ గ్లాసు ముట్టుకోడు. అందుకని కాఫీ పెట్టేసి, పొయ్యి మీద ఏదో ఉందని చెప్పి వంటింట్లోకి వెళ్ళిపోతాను. అక్కడేమీ పని ఉండదు. తుడిచిన గట్టునే మళ్ళీ తుడుస్తూ, గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించేదాకా అక్కడే ఉంటాను.